నాంచారయ్య ఇంటి చివరి ముద్ద

ఎర్రగట్టు అడవి పేరు మీరు విని ఉండరు. కొండ దిగువన పొడవాటి ఎర్రమట్టి గట్టు, గట్టు కింద సన్నటి వాగు, వాగు దాటితే వెదురు పొదలు. పులులూ సింహాలూ అక్కడ లేవు. వాటికి ఆ చోటు చాలదు. ఉన్నవన్నీ మన్ను తవ్వుకుని బతికే చిన్న జీవులే. కుందేళ్లు, ముంగిసలు, ఉడుములు, ఏదుపందులు. అందరి ఇళ్లూ ఆ గట్టులోనే.

గట్టులో అన్నిటికన్నా అందమైన ఇల్లు ఎవరిదని ఎవర్ని అడిగినా నాంచారయ్యదనే చెప్పేవారు. నాంచారయ్య ఒక ఏదుపంది. ఒంటినిండా నల్లా తెల్లా ముళ్లు. ముక్కు మీద కోపం. చేతిలో మాత్రం, అబ్బో, ఏం పనితనం!

గోడ నెర్రె తీస్తే తనే పూడ్చుకునేవాడు. రాలిన తన ముల్లునే సూదిగా చేసుకుని, మోదుగాకులు కుట్టి గుమ్మానికి తెర వేశాడు. ఈతాకుతో చాప అల్లాడు. వెదురు చీల్చి గూళ్లలో బల్లలు అమర్చాడు. ఇంటి ముందు చిలగడదుంప మడి, మడి చుట్టూ దడి, దడి మీద కాకర తీగ. మడిలో ఒక్క కలుపు మొక్క కనిపిస్తే ఒట్టు.

అన్నీ ఉన్నాయి. చూసి "బాగుంది" అనేవాళ్లే లేరు.

ఎందుకు లేరో చెబుతాను వినండి. ఆ గట్టులో ఒక ఆచారం ఉంది. తొలకరికి ముందు ఎవరి ఇల్లు వాళ్లు బాగుచేసుకుంటారు. నేల అలుకుతారు, గోడలకి మట్టి మెత్తుతారు. కానీ గుమ్మం పక్కన పిడికెడంత చోటు పూత లేకుండా వదిలేస్తారు. అక్కడ పెట్టే చివరి మట్టి ముద్ద ఇంటివాళ్లు పెట్టకూడదు. పొరుగువాళ్లే పెట్టాలి. పెట్టే ముందు వాళ్లు ఇల్లంతా తిరిగి చూడాలి, గుమ్మం నుంచి దొడ్డిదారి దాకా. ఆ తరవాత ముద్ద కొట్టి, దాని మీద తమ పాదం అచ్చు వేయాలి. ఆ పైన అందరూ కూర్చుని దుంపలూ నేరేడు పళ్లూ తింటారు.

ఎందుకిలా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేరేడు పళ్లు దొరుకుతుంటే ఎవరడుగుతారు చెప్పండి?

పోయిన ఏడాదే నాంచారయ్య ఈ ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడు ముద్ద పెట్టడానికి కుందేలు గవర్రాజు వచ్చాడు. గవర్రాజు చాలా మంచివాడు. కానీ నలుగురు పిల్లల తండ్రయినా ఒక్క చోట నిలవడు. ఇంట్లో నేల ఇంకా ఆరలేదు. "మెల్లగా నడువయ్యా, పక్కనుంచి నడువు" అని నాంచారయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. గవర్రాజు గుమ్మంలోంచి దూరి, గదులన్నీ గంతులేసుకుంటూ తిరిగి, దొడ్డిదారిన బయటికొచ్చాడు. అలికిన నేలంతా అతని పాదాలే. పైగా ముద్దని వంకరగా కొట్టాడు.

నాంచారయ్యకి ఒళ్లు మండిపోయింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అందరి ముందూ ఆ ముద్దని గీకి పారేశాడు.

"మీ ముద్దా వద్దు, మీ పాదాలూ వద్దు! ఇంత ఇల్లు కట్టుకున్నవాణ్ణి, గుమ్మం పక్కన పిడికెడు మట్టి మెత్తుకోలేనా?" అన్నాడు.

గవర్రాజు చెవులు వాలిపోయాయి. ఇంటి ముందు కూర్చుని తింటున్నవాళ్లు తింటున్నవి అక్కడే వదిలి లేచారు. ఆ తరవాత ఆ గుమ్మం తొక్కినవాళ్లు లేరు.

'పోతే పోయారు' అనుకున్నాడు నాంచారయ్య. కొన్నాళ్లు హాయిగానే ఉంది. చాప మీద మట్టికాళ్లు లేవు. గూట్లో పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంది. అడ్డమైన సలహాలు ఇచ్చేవాళ్లు లేరు.

ఒక సాయంత్రం కొత్త బుట్ట ఒకటి అల్లడం పూర్తయింది. మూతతో సహా భలే కుదిరింది. నాంచారయ్య దాన్ని పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలా ఉంది?" అన్నాడు పైకే.

ఎవరూ పలకలేదు. పలకడానికి ఎవరున్నారు గనక!

తనే "బాగుంది" అన్నాడు. ఆ మాట తన చెవికే వెలితిగా వినిపించింది. బుట్టని గూట్లో పెట్టేసి పడుకున్నాడు.

ఆ తరవాత ఇంటి ముందు ఒక అరుగు కట్టాడు. నలుగురూ కూర్చునేంత అరుగు. 'ఇంతది దేనికి కట్టానబ్బా?' అని కట్టాక తనే తల గోక్కున్నాడు. అయినా రోజూ దాన్ని తుడిచేవాడు. దుంపలు తవ్వితే తనకి చాలినన్ని తవ్వి ఊరుకోడు. ఇంకొకరికి కూడా సరిపడా తవ్వేవాడు. సగం తిని, మిగతా సగం దాచేవాడు. దాచినవి మెత్తబడిపోయేవి. ఒంటరితనం అంటే ఇదేనని అతనికి తెలియదు పాపం. చేసే పని చాలడం లేదేమోననుకుని, ఇంకాస్త పని పెట్టుకునేవాడు.

మళ్లీ తొలకరి దగ్గరపడింది. గట్టంతా ఒకటే సందడి. ఎక్కడ చూసినా మట్టి తొక్కేవాళ్లు, గడ్డి మోసేవాళ్లు, నీళ్లకి వాగు దగ్గర తోసుకునేవాళ్లు. నాంచారయ్య అందరికన్నా ముందే మొదలుపెట్టాడు. ఎర్రమట్టిని జల్లించాడు. అందులో తుమ్మ జిగురు కలిపాడు, సన్నగా తుంచిన గడ్డి కలిపాడు. వెన్నలా అయ్యేదాకా తొక్కాడు. ఆ పూత ఆరిందంటే ఇక రాయే అనుకోండి.

గోడలన్నీ నున్నగా వచ్చాయి. ఒక్క చోటు మాత్రం కంటికి నచ్చలేదు. పడక గది చివర ఉన్న దొడ్డిదారి. అదొక ఇరుకు బొరియ. అందులోంచి గాలి వీచి ఎండుటాకులు పడతాయి, దుమ్ము పడుతుంది. అంత చక్కటి గోడలో అదొక్కటే కంత.

'నేనెప్పుడైనా ఈ దారిన వెళ్లానా? వచ్చేవాళ్లా, ఎవరూ లేరు. ఇంకెవరి కోసం ఇది?' అనుకున్నాడు.

రెండు చేతులా పూత తీసి కంతని మూసేశాడు. పూత మీద పూత వేశాడు. ముల్లుతో సాపు చేశాడు. అక్కడొక దారి ఉండేదని చెబితే తనే నమ్మనంత బాగా కుదిరింది.

గుమ్మం పక్కన చివరి ముద్ద కూడా తనే పెట్టుకున్నాడు. దాని మీద తన పాదం అచ్చు కూడా ఉంచలేదు, చెరిపేశాడు. ఆ పైన కాకర తీగని గుమ్మం మీదికి పాకించాడు. బయటినుంచి చూస్తే ఏది ఇల్లో, ఏది గట్టో తెలియదు.

"పనంటే ఇదీ!" అన్నాడు. ఆ రోజు కూడా ఎవరూ పలకలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి ముంగిస కోటమ్మ వచ్చింది. కోటమ్మ గొప్ప పనిమంతురాలేం కాదు. ఆమె గోడలు ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉంటాయి. కానీ ఏ పని చేసినా నలుగురినీ పిలిచి, నాలుగు మాటలు అడిగే అలవాటు ఆమెకుంది. చేతిలో తడిమట్టి ముద్ద పట్టుకుని అరుగు దగ్గర నిలబడింది.

"నాంచారయ్యన్నా, ఇంటి పని అయినట్టుంది. ముద్దకి పిలవలేదేం?"

"నేనే పెట్టేసుకున్నానమ్మా."

"అయ్యో, ఇంటివాళ్లే పెట్టుకుంటే ఎలా అన్నా? పోనీలే, ఒక్కసారి లోపల చూసి పోతాను."

నాంచారయ్య గుండె ఒక్కసారి ఎగిరింది. రమ్మందామనే అనుకున్నాడు. దాచిన దుంపలు పెడదామనుకున్నాడు. బుట్ట చూపిద్దామనుకున్నాడు. అంతలో ఆమె గోళ్లు కనిపించాయి. గోళ్లనిండా అంటుకున్న మట్టి కనిపించింది.

"నేల ఇంకా ఆరలేదు. ఇంకోసారి రా" అన్నాడు.

"సరే అన్నా. దొడ్డిదారి అదీ చూసుకున్నావా? ఈసారి వానలు గట్టిగానే పడేట్టున్నాయి."

"నా ఇంటి సంగతి నాకు తెలియదా?"

కోటమ్మ తెచ్చిన ముద్దని అరుగు మీద పెట్టింది. "ఉంచన్నా, ఎప్పుడైనా పనికొస్తుంది" అని వెళ్లిపోయింది.

నాంచారయ్య ఆ ముద్దని వాగులోకి విసిరేద్దామని తీశాడు. అది మెత్తగా, ఆమె చేతి వెచ్చదనంతో ఉంది. ఎందుకో విసరబుద్ధి కాలేదు. లోపలికి తీసుకెళ్లి, మూత ఉన్న కొత్త బుట్టలో పెట్టాడు.

ఆ సాయంత్రం కోటమ్మ ఇంట్లో ముద్ద పెట్టే వేడుక. గట్టంతా అక్కడే ఉంది. పక్క గుమ్మమే కాబట్టి మాటలన్నీ నాంచారయ్యకి వినిపిస్తూనే ఉన్నాయి.

"అక్కా, నీ దుంపల గది కప్పులో ఇంత నెర్రె ఉంది, నా కాలు దూరుతోంది!" అని గవర్రాజు గొంతు.

"నా కంటికి ఆననేలేదు తమ్ముడూ! ఎంత మంచి పని చేశావు, ఇటు మట్టి అందుకో" అని కోటమ్మ గొంతు.

కాసేపటికి ముద్ద కొట్టిన చప్పుడు. "మళ్లీ వంకరే!" అని ఎవరో అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. గవర్రాజు నవ్వు అందరికన్నా పైన వినిపించింది.

నాంచారయ్య చెవులు మూసుకుందామనుకున్నాడు. మూసుకోలేకపోయాడు. గుమ్మం తెర వెనక నిలబడి, ఆఖరివాళ్లు వెళ్లేదాకా విన్నాడు. విన్నంతసేపూ అతనికి ఏడుపు వస్తూనే ఉంది. అవతలి ఇల్లు ఖాళీ అయ్యాక నిశ్శబ్దం ఇవతలికి కూడా వచ్చి కూర్చుంది.

వానలు మొదలయ్యాయి. పట్టుబట్టినట్టు కురిశాయి. వాగు గట్టు అంచుదాకా వచ్చింది. నాంచారయ్య ఇంట్లో మాత్రం ఒక్క చుక్క కారలేదు. పొడిగా ఉన్న చాప మీద కూర్చుని గోడలు చూసుకుని పొంగిపోయాడు. ఆ పొంగు చెప్పుకోవడానికి తోడు లేదు, మాట లేదు. దాంతో అది కాసేపట్లోనే చప్పగా చల్లారింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. ఇల్లంతా అదిరింది. కొండ పైనుంచి తడిసిన మట్టి పెళ్లలు పెళ్లలుగా జారి గుమ్మం మీద పడింది. మడి, దడి, కాకర తీగ, అరుగు, అన్నీ దాని కిందికి పోయాయి. ఇంట్లో వెలుతురు ఆరిపోయింది.

"దొడ్డిదారి!" అనుకుని నాంచారయ్య చీకట్లో పడక గదికి పరిగెత్తాడు. చేతికి గోడ తగిలింది. నున్నటి గోడ. అప్పుడు గుర్తొచ్చింది. పైప్రాణాలు పైనే పోయాయి.

గోళ్లతో గీకాడు. గోళ్లు జారిపోయాయి. ముల్లు పీకి పొడిచాడు. ముల్లు విరిగింది. ఇంకొకటి పీకాడు, అదీ విరిగింది. తుమ్మ జిగురు కలిపిన పూత మరి! ఎవరు కలిపారు? తనే. ఎవరు తొక్కారు? తనే. తన పనితనం మీద తనకే కోపం వచ్చింది.

"ఎవరైనా ఉన్నారా? లోపల నేనున్నాను!" అని అరిచాడు. ఆ వాన హోరులో కేక ఎవరికి వినిపిస్తుంది?

చీకట్లో తడుముకుంటుంటే చేతికి బుట్ట తగిలింది. మూత తీశాడు. కోటమ్మ ఇచ్చిన ముద్ద. ఎండి గట్టిపడిపోయింది. దాన్ని పొట్టకి హత్తుకుని గోడవారగా కూలబడ్డాడు.

'నేను పోయినా ఎవరికీ తెలియదు' అనుకున్నాడు. 'తెలిసినా ఎక్కడ వెతుకుతారు? ఈ ఇంట్లో ఏ గది ఎటుందో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఎవర్ని రానిచ్చాను గనక?' అద్దంలాంటి ఆ గోడల మధ్య, తనకోసం తను కట్టుకున్న ఇంట్లో, నాంచారయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

బయట ఏం జరుగుతోందో అతనికి తెలియదు. మీకు చెబుతాను.

కోటమ్మ ఇంటికి ఏమీ కాలేదు. కప్పులో నెర్రె ముందే పూడ్చారు కాబట్టి నీళ్లు లోపలికి దిగలేదు. చప్పుడు విని ఆమే మొదట బయటికి వచ్చింది. చూస్తే నాంచారయ్య మడి లేదు, దడి లేదు.

"అందరూ రండి! అన్న లోపలున్నాడు!" అని గట్టు అదిరేలా కేకేసింది.

అందరూ వచ్చారు. పాత గొడవ ఒక్కరూ ఎత్తలేదు. కానీ ఎక్కడ తవ్వాలి? గుమ్మం ఎక్కడుందో ఆనవాలే దొరకలేదు. తీగ కింద దాచేశాడు కదా! ఒకరు అటు తవ్వారు, ఒకరు ఇటు తవ్వారు. తవ్వినచోట మట్టి మళ్లీ జారింది.

"దొడ్డిదారి ఎటుందో?" అంది కోటమ్మ.

"ఎవరికి తెలుసు? ఆ ఇంట్లోకి ఎవరిని అడుగు పెట్టనిచ్చాడని?" అంది ఒక ఉడుము.

"నన్ను" అన్నాడు వెనకనుంచి గవర్రాజు. అతని చెవులు తడిసి వేలాడుతున్నాయి. "పోయినేడాది ఇల్లంతా పరిగెత్తాను కదక్కా, అందుకేగా తిట్లు తిన్నాను! ముందు గది దాటి ఎడమకి తిరిగితే దుంపల గది. ఆ వెనక పడక గది. దాని చివర దొడ్డిదారి. అది పైన కుంకుడు చెట్టు వేళ్ల పక్కనుంచి బయటికొస్తుంది. వేరు తగిలి నా మోకాలు దోక్కుపోయింది. ఎలా మరిచిపోతాను?"

అందరూ కుంకుడు చెట్టు దగ్గరికి పరిగెత్తారు. వేళ్ల పక్కన ఎండుటాకులు కుప్పపడి ఉన్నాయి. వాటిని లాగేస్తే బొరియ కనిపించింది. కోటమ్మ తలదూర్చి లోపలికి పాకింది. చివర ముక్కుకి గోడ తగిలింది.

"అన్నా! నాంచారయ్యన్నా!" అని పిలిచింది.

గోడకి ఇవతల నాంచారయ్య ఉలిక్కిపడి లేచాడు. "కోటమ్మా! ఇక్కడమ్మా, ఇక్కడే ఉన్నాను!" అని గోడని రెండు చేతులా బాదాడు.

"ఇక్కడ ఈ గోడేమిటన్నా?"

"నేనే కట్టానమ్మా. నాదే బుద్ధి తక్కువ."

"రాయిలా ఉంది. ఎలా పగులుతుంది?"

తన పూత రహస్యం నాంచారయ్య అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒక్క గుక్కలో చెప్పేశాడు. "కొడితే పగలదు. తుమ్మ జిగురు కలిపాను. నీళ్లు పట్టించండి. నానితే అదే వదులుతుంది."

వానకి నీళ్ల కరువేముంది? ఆకు దొన్నెలతో ఒకరికొకరు అందించుకున్నారు. కోటమ్మ తడుపుతోంది, గవర్రాజు గీకుతున్నాడు. ఇవతల నాంచారయ్య పైకప్పునుంచి మట్టి రాలడం వింటూ, గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

చాలాసేపటికి గోడ చెమ్మగిల్లింది. ఒకచోట మెత్తబడింది. ఆ మెత్తటి చోటునుంచి ఒక పాదం లోపలికి వచ్చింది. మట్టి కొట్టుకుపోయిన గవర్రాజు పాదం.

నాంచారయ్య ఆ పాదాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"వదలాలి బావా, లేకపోతే తవ్వేదెలా?" అన్నాడు గవర్రాజు అవతలినుంచి.

అతన్ని బయటికి లాగిన కాసేపటికే పడక గది కప్పు కూలింది. చాప, బల్లలు, మూత ఉన్న బుట్ట, నున్నటి గోడలు, అన్నీ మట్టిలో కలిశాయి. నాంచారయ్య వీపు మీద సగం ముళ్లు విరిగిపోయాయి. చేతిలో మిగిలింది ఎండిన ముద్ద ఒక్కటే.

"నీ ముద్దని అందరిలో గీకి పారేశాను గవర్రాజూ" అన్నాడు తల వంచుకుని.

"అవును బావా, బాధేసింది" అన్నాడు గవర్రాజు. తరవాత చెవులు విదిల్చుకుని, "మళ్లీ కొడతాలే" అన్నాడు.

వానాకాలమంతా నాంచారయ్య కోటమ్మ ఇంట్లోనే ఉన్నాడు. ఆమె గోడలు ఎగుడుదిగుడుగానే ఉన్నా గట్టిగా నిలబడ్డాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు, దుంపలో పళ్లో తెచ్చేవారు. ఆమె గూళ్లు ఎప్పుడూ ఖాళీ కాలేదు. నాంచారయ్య అందరికీ బుట్టలు అల్లడం నేర్పాడు. కొందరు మహా వంకరగా అల్లారు. అతను నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఊరుకున్నాడు.

వానలు వెలిశాక కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఈసారి దొడ్డిదారిని వెడల్పుగా తవ్వాడు. గుమ్మం మీదికి తీగ పాకించలేదు. గుమ్మం పక్కన పిడికెడంత చోటు వదిలాడు. ఇంటింటికీ తనే వెళ్లి పిలిచాడు.

గవర్రాజు వచ్చాడు. తడి నేల మీద గంతులేసుకుంటూ ఇల్లంతా తిరిగాడు. నాంచారయ్య ఎండిన ముద్దని నీళ్లలో నానబెట్టి అందించాడు. గవర్రాజు దాన్ని గుమ్మం పక్కన చప్పున కొట్టి, పాదం అచ్చు వేశాడు.

"ఎలా ఉంది బావా?" అని అడిగాడు.

అందరూ నాంచారయ్య వంక చూశారు. అతని చేతులు దురదపెట్టాయి. గట్టిగా ఒక్క గీకు గీకితే సరిపోతుంది.

"వంకరగా ఉంది. అలాగే ఉండనీ" అన్నాడు.

నవ్వులతో ఇల్లు నిండిపోయింది. చీకటి పడేవేళకి అందరూ వెళ్లిపోయారు. ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. అలికిన నేల నిండా పాదాలే పాదాలు. నాంచారయ్య అలుకుడు గుడ్డ తీశాడు. కాసేపు ఆ నేల వంక చూశాడు. గుడ్డని మళ్లీ గూట్లో పెట్టి, ఆ పాదాల మధ్యనే చాప పరుచుకుని పడుకున్నాడు.

నీతి: మన ఇల్లు మనమే కట్టుకోవచ్చు, కానీ నలుగురినీ అందులోకి రానిస్తేనే ఆపదలో మనకి దారి దొరుకుతుంది.